ఆయుధాలు దించండి: 22 నిమిషాల జర్మన్ సినిమాకి నాకు పట్టిన 21 నెలలు

ఇది 2023 మార్చి 13 తెల్లవారుజామున మొదలైంది. మా హాస్టల్ కిచెన్‌లో తొమ్మిదిమంది తెలుగువాళ్ళం ఒక లాప్‌టాప్ చుట్టూ చేరి నాటు నాటు కోసం నిద్ర మానుకుని కూర్చున్నాం, ఆస్కార్ వచ్చింది, అరిచాం, పై ఫ్లోర్ వాళ్ళు కిందకి దిగొచ్చారు. అదే రాత్రి ఇంకో సినిమాకి 4 ఆస్కార్లు వచ్చాయి, ఎడ్వర్డ్ బెర్గర్ తీసిన ఇమ్ వెస్టెన్ నిష్ట్స్ నోయెస్ (ఇంగ్లీషులో ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్), మొదటి ప్రపంచ యుద్ధం మీద రెమార్క్ రాసిన నవల. అందరూ వెళ్ళి పడుకున్నాక నేను ఆ సినిమా పెట్టుకుని ఒక్కదాన్నే చూశాను. 1929లో పుస్తకంగా వచ్చిన జర్మన్ నవల అది, 1930లో అమెరికా వాళ్ళు తీశారు, 1979లో టీవీకి తీశారు, రెండూ ఇంగ్లీషే. తన సొంత భాషలో సినిమాగా రావడానికి 93 ఏళ్ళు పట్టింది. అప్పుడే అనుకున్నా, నా డిప్లమా సినిమా యుద్ధం వద్దు అని చెప్పే ఒక జర్మన్ నవల మీద, జర్మన్‌లోనే తీయాలి అని.

నేను తూర్పు జర్మనీలో ఒక ఫిల్మ్ స్కూల్లో డైరెక్షన్ చదువుతున్నా. మా అమ్మమ్మది తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం, ఆ ఊరి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊరు. తాతయ్య 1971లో సరిహద్దులో ఉన్నాడు. చిన్నప్పటినుంచి ఆ యుద్ధం కథలు తాతయ్య నోట ఎన్నోసార్లు విన్నా గానీ, ఆ రోజుల్లో నువ్వేం చేశావ్ అమ్మమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ సినిమా అయ్యేదాకా ఆ సంగతే నాకు తట్టలేదు.

2023 అక్టోబర్‌లో టాపిక్ ఇచ్చేటప్పుడు రెమార్క్ నవల్లోంచే ఒక చాప్టర్ తీస్తా అని రాసిచ్చేశా. హక్కులు చూసేవాళ్ళకి మెయిల్ పెట్టి ఆరు వారాలు వెయిట్ చేశా. కుదరదు అని మర్యాదగా రెండు లైన్లు వచ్చాయి. మా లెక్చరర్‌కి చూపిస్తే ఆయన బోర్డు మీద రెండు అంకెలు రాశారు: 1970, 2040. రచయిత పోయింది 1970లో, ఇక్కడ చట్టం ప్రకారం పోయాక 70 ఏళ్ళు హక్కులుంటాయి కాబట్టి 2040 చివరిదాకా ఎవరూ ఊరికే ముట్టుకోలేరు. బెర్గర్ సినిమాకి మొదట స్క్రిప్ట్ రాసిన లెస్లీ ప్యాటర్సన్, ఇయన్ స్టోకెల్ వాళ్ళిద్దరూ 2006లో ఆప్షన్ (సినిమా హక్కులు వేరేవాళ్ళకి ఇవ్వకుండా అట్టిపెట్టుకునే ఒప్పందం) తీసుకుని ఏటా డబ్బు కట్టుకుంటూ 16 ఏళ్ళు పట్టుకుని ఉన్నారు, లెస్లీ ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు) రేసుల్లో గెలిచిన డబ్బు కూడా అందులోకే పోయింది. ఎవరైనా నవల మీద సినిమా అనుకుంటే కథ గురించి కలలు కనే ముందు రచయిత పోయిన సంవత్సరం చూసుకోండి, నేను రెండు నెలలు అలాగే పోగొట్టుకున్నా.

తర్వాత లెక్చరర్ జేబులోంచి ఆస్ట్రియా 2 యూరోల నాణెం తీసి టేబుల్ మీద పెట్టారు. దాని మీద ఉన్నావిడ ఎవరో తెలుసా అన్నారు. ఆ నాణెంతో ఎన్నిసార్లు కాఫీ కొనుక్కున్నానో, ఒక్కసారి కూడా ముఖం చూడలేదు. బెర్తా ఫోన్ జుట్నర్. 1889లో డీ వాఫెన్ నీడర్ అనే నవల రాసింది, అంటే ఆయుధాలు దించండి అని. 1905లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, ఆ బహుమతి తీసుకున్న మొదటి మహిళ. 1914 జూన్ 21న పోయింది, సరిగ్గా వారానికి సరాయెవోలో మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన తుపాకీ పేలింది. ఈ నవల మీద హక్కులు ఎప్పుడో అయిపోయాయి. డెన్మార్క్ వాళ్ళు 1914లోనే మూకీ సినిమాగా తీశారు కూడా.

2024 జనవరి మొత్తం చదవడానికే పట్టింది. లైబ్రరీలో దొరికిన పాత ప్రతి ఫ్రాక్టూర్ అనే పాతకాలపు జర్మన్ అచ్చులో ఉంది, అందులో ఎస్ అక్షరం ఎఫ్ లాగా ఉంటుంది, కె చూస్తే టి అనిపిస్తుంది, మొదటి వారం రోజుకి నాలుగు పేజీలు దాటలేదు. నెట్‌లో మామూలు అక్షరాల్లో ఉందని పదో రోజుకి తెలిసింది గానీ అప్పటికి కళ్ళకి అలవాటైపోయింది, పాత పుస్తకంలోనే పూర్తి చేశా. కథ మార్తా అనే ఆస్ట్రియా జనరల్ కూతురిది. పదిహేడేళ్ళప్పుడు జోన్ ఆఫ్ ఆర్క్‌లా యుద్ధానికి వెళ్ళలేకపోయానే అని బాధపడిన పిల్ల. 1859 యుద్ధంలో మొదటి భర్త పోతాడు. రెండో భర్త ఫ్రీడ్రిష్ 1864 యుద్ధానికి వెళ్తాడు, 1866లో ప్రష్యాతో యుద్ధానికి మళ్ళీ వెళ్తాడు. 1866లో అతని కబురు తెలియక ఆవిడే బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలో ఉంది) యుద్ధభూమికి వెతుక్కుంటూ పోతుంది. అక్కడ చూసింది చదివాక రెండు రోజులు నాకు మాట రాలేదు. ఆరు భాగాల్లో నాలుగోది ఒక్కటే తీసుకున్నా, అందులోనూ ఆ ప్రయాణం వరకే.

స్క్రిప్ట్ మార్చి నుంచి సెప్టెంబర్ దాకా, ఏడు డ్రాఫ్టులు. వారానికి మూడు పొద్దులు బేకరీలో పని, స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 140 ఫుల్ డేసే చేయొచ్చు కాబట్టి రోజులు లెక్కపెట్టుకుంటూ, మిగతా టైమంతా ఇదే. నవల్లో పాత్రలు పేజీలకి పేజీలు వాదించుకుంటాయి, చదవడానికి బాగుంటుంది, కెమెరా ముందు పెడితే మీటింగ్‌లా ఉంటుంది. తీసేస్తుంటే నవలకి ద్రోహం చేస్తున్నట్టు అనిపించేది. బెర్గర్ సినిమాలో కూడా నవల్లో లేని సంధి చర్చలు, రైలు పెట్టెలో జర్మనీ తరఫున సంధికి వెళ్ళిన నాయకుడు ఎర్ట్స్‌బెర్గర్ కూర్చోవడం కలిపారు, దాని మీద జర్మన్ పత్రికలు గట్టిగానే వేసుకున్నాయి. నా మటుకు నాకు ఆ రైలు పెట్టె సీన్లు నచ్చాయి. సంతకం పెట్టడానికి వాళ్ళు గంటలు లెక్కపెట్టుకుంటుంటే అవతల కుర్రాళ్ళు చచ్చిపోతుంటారు కదా, ఆ కోపం ఇంకోలా చెప్పలేం.

మూడో డ్రాఫ్ట్ అప్పుడు లెక్చరర్ ఒక ప్రశ్న అడిగారు, దానికి నేను సమాధానం చెప్పలేకపోయా. మార్తా భర్తని వెతుక్కుంటూ అంత దూరం వెళ్తోంది కదా, స్క్రిప్ట్ మొత్తంలో అతని పేరు ఒక్కసారి కూడా ఎందుకు అనదు అని. తిరిగి చూసుకుంటే నిజమే. నవల్లో ఆవిడ ఫ్రీడ్రిష్, ఫ్రీడ్రిష్ అని ఎన్నిసార్లో అంటుంది. నేను రాసిన నలభై డైలాగుల్లో "ఆయన", "మా ఇంట్లో వాళ్ళు" అన్నట్టుగానే ఉంది. మా అమ్మమ్మ తాతయ్యని జీవితంలో పేరు పెట్టి పిలవలేదు. నేను జర్మన్‌లో రాస్తున్నా అనుకున్నా గానీ ఆ ఇంటి ఇల్లాలు మాధవరం నుంచి వచ్చేసింది. మొత్తం మార్చేద్దామనుకుని, ఆగి, ఒక్కచోట మార్చా. గాయపడ్డవాళ్ళతో నిండిన కొట్టంలో, చీకట్లో ఎవరు ఎవరో తెలియనప్పుడు, అప్పటిదాకా అనని పేరు ఆవిడ గట్టిగా పిలుస్తుంది. లెక్చరర్ ఆ డ్రాఫ్ట్ చదివి ఏం మాట్లాడకుండా ఓకే సంతకం పెట్టారు.

జులై మొదటి వారంలో ప్రాగ్ మీదుగా ఖ్లుమ్ వెళ్ళొచ్చా. 1866 జులై 3న ఆస్ట్రియాకీ ప్రష్యాకీ మధ్య క్యోనిగ్‌గ్రెట్స్ యుద్ధం జరిగిన చోటు అది, రెండు వైపులా కలిపి 4 లక్షల మంది పైనే సైనికులు ఒక్క రోజులో తలపడ్డారు. ఇప్పుడంతా గోధుమ చేలు. చేల మధ్యలో, అడవిలో, రోడ్డు పక్కన, ఎక్కడ చూసినా స్మారక రాళ్ళు. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే చెక్ రిపబ్లిక్‌కి వేరే వీసా అక్కర్లేదు, ఒక రాత్రి ఉండి, అన్నీ కలిపి 118 యూరోలు అయ్యాయి. అక్కడ యూనిఫాంలు వేసుకుని ఆ యుద్ధాన్ని మళ్ళీ ఆడే గ్రూపుల వాళ్ళు పరిచయమయ్యారు, వాళ్ళు లేకపోతే ఈ సినిమా లేదు. అప్పటి ఆస్ట్రియా పదాతి సైనికుల కోటు తెల్లగా ఉంటుంది. తొమ్మిది కోట్లు అద్దె లేకుండా ఇస్తామన్నారు, ఒకటే షరతు, రక్తం రంగు ఒక్క చుక్క పడకూడదు, ఒక్కోటి చేత్తో కుట్టుకున్నవి. యుద్ధం అయ్యాక గాయపడ్డవాళ్ళ సీను, తెల్ల కోటు, రక్తం పడకూడదు! చివరికి ముందు వరసకి మూడు కోట్లు చవక గుడ్డతో మేమే కుట్టించుకున్నాం, అసలు కోట్లు వెనక వరసలో పెట్టాం.

డబ్బు సంగతి చెప్పేస్తా, ఎందుకంటే నేను వెతికినప్పుడు ఎవరూ రాసింది దొరకలేదు. స్కూల్ 4,000 యూరోలు ఇచ్చింది. క్రౌడ్‌ఫండింగ్‌లో 3,150 వచ్చాయి, అందులో సగం పైన హైదరాబాద్ నుంచి, భీమవరం నుంచి, డాలస్ నుంచి మనవాళ్ళే. నా బేకరీ డబ్బులు 1,750. మొత్తం 8,900, మొత్తం అయిపోయింది. అన్నిటికంటే ఎక్కువ ఖర్చు తిండికి, 2,100. యాక్టర్లు, టెక్నీషియన్లు అందరూ స్టూడెంట్లే, జీతం లేదు, అలాంటప్పుడు వేడి అన్నం పెట్టకపోతే ఎలా? రెండు రోజులు నేనే పప్పు, బంగాళదుంప వేపుడు వండా, మిగతా రోజులు ఊళ్ళో హోటల్. బట్టలకి 1,900. లొకేషన్లకి 1,200.

షూటింగ్ 2024 అక్టోబర్ 28 నుంచి నవంబర్ 2 దాకా, ఆరు రోజులు. కథేమో జులై ఎండలో. కొట్టంలో మొదటి షాట్ పెట్టగానే యాక్టర్ల నోటి నుంచి ఆవిరి! చంపేసే ఎండలో దాహంతో ఉన్న సైనికులు పొగలు వదులుతున్నారు. కెమెరా అసిస్టెంట్ అమ్మాయి పరిగెత్తుకెళ్ళి ఐస్ ముక్కలు తెచ్చింది, టేక్‌కి ముందు నోట్లో పెట్టుకుంటే ఊపిరి చల్లబడి ఆవిరి కనపడదు. చలికి వణికిపోతున్న పిల్లలు నోట్లో ఐసు పెట్టుకుని ఎండకి సొమ్మసిల్లినట్టు పడుకున్నారు. వాళ్ళకి నేను ఎంత రుణపడ్డానో చెప్పలేను.

తుపాకీ ఒక్కటే వాడాం, పేలని నకలు. ఇక్కడ నిజం తుపాకీలా కనిపించేది బయట పట్టుకుని తిరగడమే తప్పు, సినిమాలకి మినహాయింపు ఉంది గానీ మేం వారం ముందే పోలీసులకి, మునిసిపల్ ఆఫీసుకి రాసిచ్చాం, తాళం పెట్టెలో తీసుకెళ్ళాం. చుట్టుపక్కల ఇళ్ళకి కూడా కాగితాలు పంచాం. ఇది మాత్రం తప్పకుండా చేయండి, ఒక్క ఫోన్ కాల్ వెళ్తే ఆ రోజు పోయినట్టే.

రెండో రోజు రైలు సీను. పాత రైళ్ళు చూసుకునే ఒక వాలంటీర్ల సంఘం దగ్గర పెట్టె సగం రోజుకి 650. అది 1900 తర్వాతది, కథ 1866, అందుకని కిటికీ, సీటు తప్ప ఏమీ కనపడకుండా తీశాం. ఇంజన్ వెలిగించాలంటే మా బడ్జెట్ మొత్తం బొగ్గుకే పోతుంది. ఆ పెద్దమనుషులే నలుగురు పొడుగాటి దుంగలు తెచ్చి పెట్టె కింద పెట్టి లయగా ఊపారు, స్క్రీన్ మీద చూస్తే రైలు పరిగెడుతున్నట్టే ఉంటుంది. తలుపు దగ్గర ఇంకో ఇబ్బంది, మార్తా గౌను కింద ఆ కాలం వలయాల లంగా ఉంటుంది కదా, అది తలుపులో పట్టలేదు. అరగంట తిప్పలు పడి చివరికి అది తీసేసి పల్చటి గౌనుతో ఎక్కించాం, యుద్ధభూమికి వెళ్ళే ఆడమనిషి ఎలాగూ అదే చేసి ఉంటుంది అనిపించింది.

భాష గొడవ మూడో రోజు బయటపడింది. మార్తా వేసిన అమ్మాయిది ఆస్ట్రియాలోని గ్రాట్స్, డాక్టర్ వేసిన అబ్బాయిది జర్మనీలోని హాంబుర్గ్. ఇద్దరూ ఒకే వియన్నా కుటుంబ వర్గం వాళ్ళుగా ఉండాలి. ఆ అబ్బాయి జనవరిని యానువార్ అంటాడు, ఆస్ట్రియా వాళ్ళు యెన్నర్ అంటారు. నాకు ఆ తేడా చెవికి పట్టదు, నా జర్మన్ నేర్చుకున్న జర్మన్. ఆ అమ్మాయిని ఒక గంట అతని పక్కన కూర్చోబెట్టి అతని చేత ప్రతి లైనూ అనిపించా. గోదావరి జిల్లా కథలో హీరో ఇంకో ప్రాంతం యాసలో మాట్లాడితే మనకెలా ఉంటుందో గుర్తు తెచ్చుకున్నా, ఆ గంట వేస్ట్ అనిపించలేదు.

నాలుగో రోజు, అక్టోబర్ 31. మేం తీస్తున్న జాక్సెన్ (ఇంగ్లీషులో శాక్సనీ) రాష్ట్రంలో అది చర్చి సంస్కరణ పండగ సెలవు, షాపులన్నీ బంద్, మాకు ముందు రోజు రాత్రి ఎనిమిదికి గుర్తొచ్చింది. పందొమ్మిది మందికి రొట్టె, పాలు లేవు. పొద్దున్నే కొట్టం పక్కింటి ముసలావిడ కాఫీ ఫ్లాస్కులతో వచ్చింది. 87 ఏళ్ళు. మధ్యాహ్నం దాకా మూల కుర్చీలో కూర్చుని చూసింది. నేను లంచ్‌లో పక్కన కూర్చుంటే తర్వాత ఏం తీస్తావు అని అడిగింది. శనివారం ఇంట్లో ఎదురుచూసే సీను, మార్తా కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉంటుంది అన్నా.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. 1945లో ఆవిడకి ఎనిమిదేళ్ళు, అప్పటి జర్మనీ తూర్పు ప్రాంతం సైలీషియా నుంచి తల్లితో పారిపోయి వచ్చింది, తండ్రి కబురు లేదు. మా అమ్మ ఒక్కరోజు కూడా కిటికీ దగ్గర కూర్చోలేదు అంది. పాత స్వెటర్లు విప్పి నూలు ఉండలు చుట్టేది, మళ్ళీ అల్లేది, అది మళ్ళీ విప్పేది, చేతులు ఆపితే తల పని చేయడం మొదలుపెడుతుంది కదా అంది.

నవల్లో ఆ పని ఉంది! షార్పీ అంటారు. అప్పటి ఆడవాళ్ళు పాత నార గుడ్డల నుంచి పోగులు లాగి కుప్పలు చేసి సైన్యానికి పంపేవాళ్ళు, గాయాల్లో దూదిలా నింపడానికి. ఎందరో చేతులు పడిన ఆ పోగుల వల్లే గాయాలు ఇంకా చీము పట్టేవి, క్రిములు చంపాలని లిస్టర్ అనే బ్రిటిష్ డాక్టర్ చెప్పింది 1867లో, ఈ యుద్ధం అయిన తర్వాతి ఏడాది. ప్రేమతో లాగిన ఆ పోగులే ప్రాణం తీసేవి. నేను ఆ సీను నాలుగో డ్రాఫ్ట్‌లో కొట్టేశా, ఇప్పటివాళ్ళకి వివరించాలి, టైం లేదు అని.

ఆ రాత్రే తిరిగి రాశా. పోగులకి పాత నార గుడ్డే కావాలి, సెలవు, షాపుల్లేవు. ఆవిడే బీరువాలోంచి రెండు దుప్పట్లు ఇచ్చింది. ఒకదాని మూల ఎర్ర దారంతో రెండు అక్షరాలు కుట్టి ఉన్నాయి. ఆ మూల కత్తిరించి కవర్లో పెట్టి ఆవిడకి ఇచ్చేసి మిగతాది వాడాం. శనివారం ఆ సీను నాలుగు నిమిషాలు ఏక బిగిన తీశాం, మాటల్లేవు, పోగు లాగే చప్పుడే. సౌండ్ చేసే కుర్రాడు కట్ చెప్పాక కూడా హెడ్‌ఫోన్ తీయలేదు.

ఆ ఆదివారం అమ్మమ్మకి ఫోన్ చేశా. 71లో తాతయ్య అక్కడున్నప్పుడు రోజంతా ఏం చేసేదానివి అమ్మమ్మా అని అడిగా. ఏముందే అమ్మడూ, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేదాన్ని అంది. రోజంతానా అన్నా. ఏరేసినవే మళ్ళీ ఏరేదాన్ని అంది. మీ తాతయ్య వచ్చిన రోజు కూడా ఏరుతూనే ఉన్నా, గుమ్మంలో ఖాకీ బట్టలు కనపడితే టెలిగ్రాం అబ్బాయి అనుకుని తల ఎత్తలేదు అంది. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, ఈ మాట వినడానికి జర్మనీలో ఒక కొట్టం దాకా వెళ్ళాల్సి వచ్చింది.

ఎడిటింగ్ 2025 జనవరి నుంచి మే దాకా. యుద్ధం ఒక్క షాట్ కూడా లేదు, మొదట డబ్బు లేక, తర్వాత అక్కర్లేక. సౌండ్ మిక్సింగ్‌కి బయట స్టూడియోలో 800 పోయింది. తెలుగు సబ్‌టైటిల్స్ నేనే రాసుకున్నా, షార్పీకి మాట దొరక్క "గాయాలకి పోగులు" అని పెట్టా. ఎవరికైనా సరైన మాట తెలిస్తే చెప్పండి, మార్చేస్తా.

జులై 11న 140 సీట్ల హాల్లో వేశారు. ఆ ముసలావిడని మా కెమెరా అమ్మాయి కారులో తీసుకొచ్చింది. మర్నాడు అమ్మమ్మకి లింక్ పంపితే మా అమ్మ టీవీకి కలిపి పెట్టింది, నేను ఫోన్‌లో వీడియో కాల్ పెట్టుకుని సినిమా కాకుండా అమ్మమ్మ ముఖమే చూస్తూ కూర్చున్నా. పోగుల సీనులో ఏం అనలేదు. కొట్టంలో మార్తా గట్టిగా ఫ్రీడ్రిష్ అని పిలవగానే, "పేరెట్టి పిలిచేసిందే!" అని అమ్మ వైపు తిరిగింది. తర్వాత కాసేపటికి, పెదాలు కదిలాయి, తాతయ్య పేరు అనుకుంటా, నాకు సరిగ్గా వినపడలేదు.

ఇప్పటికి ఆరు ఫెస్టివల్స్‌కి పంపా, ఫీజులకి 148 యూరోలు అయ్యాయి. రెండు కాదన్నాయి. నాలుగింటి దగ్గర్నుంచి ఇంకా కబురు లేదు.